హైదరాబాదుకు రేవు ఏది?

ఫిల్మ్ నగర్‌లో ఎత్తైన బండ ఒకటి ఎక్కి దక్షిణ దిక్కుగా చూచినట్లయితే గోలకొండ కోట కనబడుతుంది. మధ్య దూరం కోసెడు మాత్రమే. సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న ఈ రాతినేల మీద నిలిచినవారికి సముద్రం మాట స్ఫురించటం కష్టం. అతి దగ్గర తీరం కూడ ఇంచుమించు మూడు వందల కిలోమీటర్ల దూరాన ఉన్నది. అయినను జూబిలీ హిల్స్‌లో ఏ పెద్ద ఇంటిలో అడుగు పెట్టినా కాలి కింద పరచిన చలువరాయి ఇటలీ దేశం నుంచి వచ్చి ఉంటుంది. ఆ రాయి ఓడ ఎక్కి వచ్చినది. ఈ నగరం చుట్టూ ఉన్న కర్మాగారాలలో తయారైన మందుగోళీలు ఓడ ఎక్కి ఖండాంతరాలకు పోతున్నవి. మరి, సముద్రం లేని ఈ నగరానికి రేవు ఏది? ఈ ప్రశ్నకు నాలుగు వందల సంవత్సరాలలో పలు జవాబులు వచ్చినవి. ఏ జవాబూ స్థిరంగా నిలువలేదు.

మొదటి జవాబు ఆ కనబడే కోటలో కూర్చున్న కుతుబ్ షాహీ సుల్తానులకు తెలుసు. వారి రేవు మచిలీపట్నం. ఆ ఊరిని మనం నేటికీ బందరు అంటున్నాము. పారశీకంలో బందరు అంటే రేవు అనే అర్థం. ఊరి పేరుగా రేవు అన్న మాటే చాలినదంటే, ఆ కాలంలో ఆ రేవుకు ఎంత ప్రఖ్యాతి ఉండెనో ఊహించుకొనవచ్చును. 1605లో డచ్చివారు అక్కడికి వచ్చినారు. 1611లో ఇంగ్లీషువారి ‘గ్లోబ్’ అనే ఓడ వచ్చినది. అంతకు ముందు నుంచే పారశీక దేశానికీ, అరకానుకూ, పెగూకూ, సుమత్రాలోని ఆచే రాజ్యానికీ అక్కడి నుంచి ఓడలు నడుస్తుండేవి. కలంకారీ వస్త్రాలు, నీలిమందు, ఉక్కు, కృష్ణాతీరపు గనులలోని వజ్రాలు ఆ దారినే బయటికి పోయినవి.

అయితే బందరు మంచి రేవు కాదు. ఈ మాట బందరువారికి కష్టం కలిగించవచ్చును గాని, నిజం నిజమే. అక్కడి సముద్రం బురదతో కూడి, లోతు తక్కువై ఉన్నది. పెద్ద ఓడలు తీరానికి కొన్ని మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి. ఓడలోని ప్రతి మూటా చిన్న పడవలోనికి దించి, పడవ నుంచి ఒడ్డుకు మోసి, అక్కడి నుంచి ఎద్దుల మీద ఎక్కించి గోలకొండకు తోలుకొని పోవలసి ఉండేది. ఇన్ని అసౌకర్యాలున్న చోటును దేశదేశాల వర్తకులు ఎందుకు వెతుక్కొని వచ్చినారు? నీటి కోసం రాలేదు. వెనుక ఉన్న నేల కోసం వచ్చినారు. నేతగాళ్లున్న గ్రామాలు, వజ్రపు గనులు, ధనవంతమైన రాజధాని, వీటన్నిటినీ రేవుతో కలిపే బాట: ఇవే దాని బలం. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన తరువాత ఆ బలం క్రమంగా సన్నగిల్లినది. ఇంగ్లీషువారు అంతకు ముందే తమ ముఖ్యస్థానాన్ని మద్రాసుకు మార్చుకొన్నారు. ఇక 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన తుపాను, ఉప్పెన ఆ ఊరిని ముంచివేసినవి. ముప్ఫైవేల మంది ప్రాణాలు కోల్పోయినారని ఆనాటి లెక్క. బందరు రేవు ఆ దెబ్బ నుంచి మరి తేరుకొనలేదు.

తరువాతి జవాబు రైలు చెప్పినది. 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు పట్టాలు వేయటంతో నిజాం రాజధాని బొంబాయి రేవుతో ముడిపడినది. 1889 నాటికి ఆ పట్టాలు బెజవాడ దాకా వచ్చినవి. రైలు దారిన సరకు ఏ తీరానికైనా పోగలదు. కాని తీరం పరాయివారిది. ఆ లోటు నిజాం ప్రభుత్వాన్ని చివరి దాకా బాధించినది. 1947లో సంస్థానం భవిష్యత్తు తేలని రోజులలో, పోర్చుగీసువారి ఏలుబడిలో ఉన్న గోవాలోని మర్మగోవా రేవు కోసం వారితో సంప్రదింపులు జరిగినవి. రేవు లేని రాజ్యం ఇరుగుపొరుగుల దయ మీద బ్రతుకవలసినదేనని ఆనాటి పాలకులకు తెలియకపోలేదు.

ఇంతలో తూర్పు తీరాన మరొక సంగతి జరిగినది. మద్రాసుకూ కలకత్తాకూ నడిమధ్యన, సముద్రంలోనికి ముక్కు చాచిన కొండ ఒకటి ఉన్నది. దొరలు దానికి డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టినారు. దాని పక్కన, మేఘాద్రిగెడ్డ వచ్చి కలిసే ఉప్పుటేరు, చిత్తడి నేల. తూర్పు తీరంలో ఎక్కువ భాగం ఇసుక తిన్నెలే; ఓడ తలదాచుకొనేందుకు చాటు లేదు. ఇక్కడ మాత్రం నైరుతి నుంచి వచ్చే అలలకు కొండ అడ్డుగోడగా నిలిచి ఉన్నది. మరొక సంగతి: ఇక్కడ గోదావరి వంటి, హుగ్లీ వంటి మహానది లేదు. నది లేకపోవటం రేవుకు లోటని కొందరనుకొంటారు. కాని నది తెచ్చే ఒండ్రుమట్టి ఓడకు శత్రువు. కలకత్తా రేవుకు పోవలెనంటే ఓడ సముద్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా హుగ్లీలో లోపలికి పోవలసి ఉన్నది; ఆ నది లోతు చూచుకొని ఓడ బరువు తగ్గించుకొనవలసి ఉన్నది. విశాఖకు ఆ బాధ లేదు.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే వారి ప్రతిపాదనను ప్రభుత్వం అంగీకరించినది. 1927లో పనులు ఆరంభమైనవి. చిత్తడి నేలను డ్రెడ్జర్లతో తవ్వి, ఆ మట్టితోనే పక్క పల్లాలు పూడ్చినారు. దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంట నడిచే ఇసుక రేవు ముఖద్వారాన్ని కప్పివేయకుండా, రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి వాటినే అడ్డుకట్టగా చేసినారు. మునిగి మేలు చేసిన ఓడలు లోకంలో అరుదు! 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ అనే ఓడ తొలిసారిగా లోపలికి వచ్చినది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనంగా ప్రారంభించినాడు. ఇప్పుడు కూడ ఓడ లోపలి హార్బరుకు పోయే సన్నని కాలువ ఒడ్డున మూడు చిన్న కొండలు, వాటి మీద గుడి, దర్గా, చర్చి వరుసగా కనబడతవి. 

కొండ, లోతు, చాటు మాత్రమే విశాఖను నిలబెట్టలేదు. రేవు తెరువక ముందే, 1931లో, రాయపూర్ నుంచి విజయనగరానికి రైలుదారి పూర్తి అయినది. మధ్యపరగణాల మాంగనీసు ఆ దారినే దిగి వచ్చినది. రేవుకు నీటి వైపున ఒక తలుపు, నేల వైపున ఒక తలుపు ఉంటవి. నేల తలుపు మూసి ఉన్నచో నీటి తలుపు తెరిచి ప్రయోజనం లేదు. 1942 ఏప్రిల్ 6న జపానువారి విమానాలు వచ్చి ఇక్కడ బాంబులు వేసినవి. రేవు విలువ ఎంతటిదో శత్రువు కూడ గుర్తించినాడన్నమాట. 1948 మార్చి 14న ‘జల ఉష’ అనే ఓడను నెహ్రూగారు ఇక్కడనే నీటిలోనికి దింపినారు. 1976లో, లోపలి హార్బరు సరిపోని పెద్ద ఓడల కోసం, సముద్రంలోనికి అడ్డుకట్టలు చాచి బయటి హార్బరు నిర్మించినారు. అప్పుడు దృష్టి యావత్తూ బైలాడిలా ఇనుప ఖనిజం మీద, దానిని కొనే జపాను మీద ఉన్నది. ఆ లోతైన నీరే ముందు ముందు మరొక పనికి అక్కరకు వచ్చినది.

ఆ పని ఒక ఇనుప పెట్టెతో మొదలైనది. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో, నెవార్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కు ‘ఐడియల్ ఎక్స్’ అనే పాత చమురు ఓడ బయలుదేరినది. దాని పైతట్టు మీద 58 పెట్టెలు. ఈ ఏర్పాటు చేసిన మాల్కం మెక్లీన్ ఓడల యజమానిగా పుట్టినవాడు కాడు, లారీలు నడిపినవాడు. రేవులో లారీ నిలబెట్టుకొని, కూలీలు మూట తరువాత మూట దించుతుంటే గంటల తరబడి ఎదురుచూచిన మనిషి. మూటలు ఎందుకు దించవలెను, లారీ మీది పెట్టెనే ఎత్తి ఓడ మీద పెట్టరాదా అని ఆయన ఆలోచన. ఆనాటి లెక్కలో, చేతులతో ఓడకు సరకు ఎక్కించటానికి టన్నుకు 5 డాలర్ల 86 సెంట్లు అయ్యేది. పెట్టెలతో 16 సెంట్లు కూడ కాలేదు.

పెట్టెలో వింత ఏమీ లేదు. 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు. లేదా పొడవు 40 అడుగులు. అందులోని మహిమ అంతా నాలుగు మూలలలో ఉన్నది. ఏ దేశంలో చేసిన పెట్టెకైనా మూలలలోని రంధ్రాలు ఒకే కొలతవి. క్రేను దించే ఇనుప చట్రం ఆ మూలలలో దిగి, కొక్కెం తిరిగి, పట్టుకొంటుంది. ఆ పట్టు ఓడ మీద పనిచేస్తుంది, రైలు వ్యాగను మీద పనిచేస్తుంది, లారీ మీద కూడ పనిచేస్తుంది. కర్మాగారంలో తాళం వేసి ముద్ర వేసిన పెట్టెను, సముద్రాలు దాటి కొనుగోలుదారు ముంగిట చేరేదాకా సాధారణంగా ఎవరూ తెరువనక్కరలేదు. భారతదేశానికి ఈ పద్ధతి 1973లో కొచ్చిన్ రేవుకు వచ్చిన ‘ప్రెసిడెంట్ టైలర్’ ఓడతో ప్రవేశించినది.

విశాఖ బయటి హార్బరులో కంటైనర్ టెర్మినల్ 2003 జూన్ నెలలో పని ప్రారంభించినది. తొలుత ఓడలు ఆగే గట్టు పొడవు 450 మీటర్లు. తరువాతి విస్తరణతో అది 800 మీటర్లు దాటినది. గట్టు పక్కన నీటి లోతు మొదటి నుంచే దాదాపు 15 మీటర్లు. ఈ సంఖ్యలకు అర్థం ఏమంటే, ఆటుపోట్ల కోసం బయట కాచుకొని ఉండకుండా పెద్ద ఓడలు నిండు బరువుతో నేరుగా గట్టుకు రాగలవు.

ఆమధ్య ధ్వనిముద్రణ పని మీద విశాఖ వెళ్లినప్పుడు ఆ టెర్మినల్ చూచే అవకాశం నాకు కలిగినది. మేము రేడియో వాళ్లం. ఎక్కడికి పోయినా ముందు చెవులు చూస్తవి. రేవు శబ్దాలు అని ఒక జాబితా మనసులో పెట్టుకొని పోయినాను: కళాసీల ‘హైలెస్సా’ కేకలు, మేస్త్రీల అరుపులు, బండ్ల చప్పుడు. వాటిలో ఒక్కటీ లేదు. గట్టు మీద తాటిచెట్లను మించిన క్రేనులు. ఓడ మీది పెట్టె నిశ్శబ్దంగా పైకి లేచి, గాలిలో ప్రయాణించి, కింద ఉన్న లారీ మీద మృదువుగా దిగినది. క్రేను నడిపే మనిషి ఎక్కడో పైన గాజు గదిలో ఉన్నాడు. కింద నడిచే మనుషులు బహు స్వల్పం. వెనుకకు వచ్చే బండి కూతలు, ఇనుము ఇనుమును తాకే మోత తప్ప నా యంత్రంలో ఏమీ పడలేదు. దూరాన శీతల పెట్టెలు వరుసగా నిలిచి, కరెంటు తీగలు తగిలించుకొని, తేనెటీగల వలె సన్నగా మ్రోగుతున్నవి. వాటిలో కోస్తా చెరువులలో పెరిగిన రొయ్యలు. వాటి యజమాని రైతు భీమవరం దగ్గర ఎక్కడో ఉండి ఉంటాడు. అమెరికాలో ధర ఏమైనదా అని ఫోను చూచుకొంటుంటాడు.

ఆ నిశ్శబ్దం నన్ను చాల కాలం వెంటాడినది. ఒక ఓడకు సరకు దించేందుకు వందల మంది కళాసీలు రోజుల తరబడి పనిచేసిన కాలం ఉండెను. వారి మోపులు బరువైనవి, జీవితాలు కష్టమైనవి. దానిని తిరిగి రప్పించవలెనని ఎవరూ కోరరు. కాని ఆ పని చేసిన కుటుంబాలకు పెట్టె ఏమి ఇచ్చినది? ఓడ నిలిచే రోజులు గంటలుగా మారినందువల్ల కలిగిన లాభం వర్తకునికి వచ్చినది, కొన్నవారికి వచ్చినది, మన ఇంటి చలువరాతికి కూడ వచ్చినది. నష్టం మాత్రం రేవు పక్క వాడలోనే దిగినది. అభివృద్ధి గురించి చెప్పేవారు లెక్కలో ఈ పద్దు వేయటం మరచిపోతుంటారు.

రేవు స్థానబలం ఎంత దూరం చేరగలదో నేపాలు చూపినది. హిమాలయాల ఒడిలో ఉన్న ఆ దేశానికి సముద్రం లేదు. తరతరాలుగా కలకత్తాయే దిక్కు. 2016లో భారత ప్రభుత్వంతో కుదిరిన ఏర్పాటు వల్ల విశాఖ కూడ వారికి రేవైనది. రేవు నుంచి సరిహద్దులోని బీర్గంజ్‌కు రైలు దారి సుమారు 1,400 కిలోమీటర్లు. కలకత్తా దారి ఇందులో సగమే. అయినను సరకు విశాఖలో దిగుతున్నదంటే, దూరానికీ సౌకర్యానికీ గల సంబంధం మనం పటంలో కొలిచేంత సులభం కాదన్నమాట. లోతైన నీటిలో పెద్ద ఓడ వేచి ఉండకుండా దించి, నేరుగా రైలు ఎక్కించగలిగినచో ఎక్కువ మైళ్లు కూడ తక్కువ రోజులు కావచ్చును.

ఈ న్యాయమే హైదరాబాదు విషయంలో విశాఖకు ఎదురుతిరుగుతున్నది. మన నగరంలోనే, సనత్‌నగర్‌లో, నీరు లేని రేవు ఒకటి ఉన్నది. ఇన్లాండ్ కంటైనర్ డిపో అని దాని పేరు. సుంకపు అధికారులు అక్కడనే తనిఖీ చేస్తారు, అక్కడనే ముద్ర వేస్తారు, పెట్టె రైలెక్కుతుంది. ఇట్లాంటి మెట్టరేవు దేశంలో మొదట 1981లో బెంగుళూరులో ఏర్పడినది. సనత్‌నగర్ నుంచి పెట్టెలు ఎటు పోతవి? విశాఖకు పోతవని తెలుగువారు సహజంగా అనుకొంటారు. కాని పడమటి తీరానికి, ముంబయి దగ్గరి న్హవా శేవాకు పోయేవి చాల ఎక్కువ. హైదరాబాదు నుంచి ఈ రెండు రేవులూ ఇంచుమించు సమాన దూరాన ఉన్నవి. ఐరోపాకూ అమెరికా తూర్పు తీరానికీ పోయే సరకు పడమటి తీరాన ఓడ ఎక్కితే సింహళం చుట్టి రానక్కరలేదు. పైగా అక్కడికి వచ్చే ఓడల సంఖ్య ఎక్కువ, ఈ వారం తప్పితే మరొకటి వెంటనే దొరుకుతుంది. చైనాకూ సింగపూరుకూ పోయే సరకుకు విశాఖ మేలు. ఓడలు ఎక్కువ వచ్చే చోటికి సరకు పోతుంది, సరకు ఎక్కువ వచ్చే చోటికి ఓడలు పోతవి. ఈ వలయంలో వెనుకబడిన రేవు ముందుకు రావటం, ఎంత లోతు ఉన్నా, ఎంత కొండ చాటు ఉన్నా, కష్టసాధ్యం. నా మట్టుకు నేను విశాఖ లోపం నీటిలో లేదనీ, ఈ వలయంలోనే ఉన్నదనీ అనుకొంటాను.

ఇక్కడ ఫిల్మ్ నగర్ ప్రస్తావన మరొకసారి తేవలసి ఉన్నది. మన చలనచిత్ర పరిశ్రమ తొలి దశాబ్దాలలో మద్రాసులో, అనగా రేవుపట్టణంలో పెరిగినది. ముడి ఫిల్ము, కెమెరాలు విదేశాల నుంచి ఓడలో దిగేవి. రేవుకు దగ్గరగా ఉండటం ఒక సౌకర్యమే. ఆ పరిశ్రమ క్రమంగా రేవును విడిచి ఈ రాతినేలకు తరలి వచ్చినది. ఇప్పుడు ఫిల్మే లేదు. చిత్రం తీగల వెంట, ఆకాశం వెంట పోతున్నది. ఓడ అవసరం లేని సరకు తయారు చేసే పరిశ్రమలు ఇట్లా కొండలెక్కి కూర్చొనవచ్చును. మందులకు, ఇనుముకు, రొయ్యకు ఆ వీలు లేదు.

2014లో రాష్ట్రం రెండైనప్పుడు తీరం యావత్తూ ఒక రాష్ట్రానికి, ఈ నగరం మరొక రాష్ట్రానికి వచ్చినవి. 1947 నాటి లోటు మరొక రూపంలో తిరిగి వచ్చినదని నాకు అనిపించినది. అయితే ఇప్పుడు తీరం పరాయి రాజుది కాదు, భాష కూడ ఒకటే. తెలంగాణ ప్రభుత్వం నగరం దగ్గర మెట్టరేవు నిర్మించి, కొత్త రహదారితో దానిని సముద్రానికి కలుపవలెనని ప్రతిపాదించినది. ఆ రహదారి చేరవలసిన ఊరు మచిలీపట్నం. అక్కడ 2023 మే నెలలో కొత్త రేవుకు పనులు ప్రారంభమైనవి. కుతుబ్ షాహీల ఎద్దుల బాట కూడ ఆ దిక్కునకే పోయేది. పాత బురద అక్కడనే ఉన్నది; ఓడలు మైళ్ల దూరాన ఆగిన ఆ లోతు తక్కువ సముద్రంలో ఇప్పుడు డ్రెడ్జర్లు దారి తవ్వవలసి ఉన్నది.